వెంట వచ్చినవారు, వరస

"అమ్మాయి ఒక్కతే లోపలికి వస్తుంది. నువ్వు రాకూడదు," అన్నాడు వాచ్‌మన్, గేటుకు చెయ్యి అడ్డం పెట్టి.

"మొన్న కూడా వచ్చాను కదా నాయనా," అంది ముసలావిడ.

"మొన్నటి సంగతి వేరు. ఇవాళ మేడమ్ చెప్పారు."

పక్కనున్న దర్జీ అమ్మాయి ముసలావిడ కొంగు వదల్లేదు.

ఆ అమ్మాయి చంటిబిడ్డ ఇంకా పాలు మానలేదు, తనకు మళ్లీ నెల తప్పింది. ఇంట్లో చెప్తే మొగుడు కనమంటాడు, అత్త కనాల్సిందే అంటుంది. కనే ఓపిక తనకు లేదు. మొన్న పరీక్ష చేసి ఇవాళ రమ్మన్నారు.

అది ఆడవాళ్ల క్లినిక్. బిడ్డను కనాలా వద్దా అన్నది ఆడదాని ఇష్టమని నమ్మే ఒక ఫౌండేషన్ పెట్టింది. డాక్టరమ్మ, మందులు అన్నీ ఉచితం. గోడ మీద 'మీ శరీరం, మీ నిర్ణయం' అని బారెడు అక్షరాలతో రాయించారు. వచ్చేవాళ్లలో సగం మందికి చదవడం రాదు, అది వేరే విషయం.

ఫౌండేషన్ వారికి ఫారాలంటే ప్రాణం. ప్రతి ఫారంలోనూ 'వెంట వచ్చినవారు, వరస' అని ఒక గడి ఉంటుంది.

నిన్న ఇన్‌చార్జి మేడమ్ రెండు నెలల ఫారాలు ముందేసుకు కూర్చుంది. నలభై ఒక్క ఫారాల్లో, ఆ గడిలో ఒకటే మాట. పెద్దమ్మ.

"ఇంతమందికీ ఒకే పెద్దమ్మ ఏంటి?" అని నర్సును అడిగింది.

"అందరితోనూ వచ్చేది ఒక్కావిడే మేడమ్. ఆ ముతక చీర ముసలావిడ. మంచం దాకా వచ్చి, భయపడితే తల నిమురుతూ కూర్చుంటుంది."

"ఊరికే ఎవరైనా అంత తిరుగుతారా? బ్రోకరు. వీళ్ల దగ్గర ఎంతో కొంత గుంజుతూ ఉంటుంది."

"నేనూ అడిగాను. 'తీసుకున్నది చాలు తల్లీ, ఇప్పుడేమీ తీసుకోను' అంది."

"ఇంకేం, తనే ఒప్పుకుందిగా."

అనుమానం పెనుభూతం. అందులోనూ తనిఖీ ముందు పుట్టిన అనుమానం. 'మధ్యవర్తులు ఉండరాదు' అన్నది ఫౌండేషన్ నియమం. వచ్చే తనిఖీ సాఫీగా గడిస్తే క్లినిక్ ఇంకో మూడేళ్లు నడుస్తుంది, లేదంటే మూతే. మేడమ్ చెడ్డదేం కాదు. ఆ క్లినిక్ కోసం పెద్దాసుపత్రి ఉద్యోగం వదులుకుని వచ్చింది.

అందుకే ఇవాళ గేటు దగ్గర ఈ గొడవ.

"వెళ్లమ్మా, డాక్టరమ్మ మంచిది. నేనిక్కడే గట్టు మీద కూర్చుంటా," అంది ముసలావిడ.

"ఇక్కడ కూడా కూర్చోవద్దు," అన్నాడు వాచ్‌మన్. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం.

దర్జీ అమ్మాయి రెండడుగులు వేసింది. రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు. గబుక్కున కొంగు తల మీదికి లాక్కుని వెనక్కి తిరిగింది.

ఆ నెల క్లినిక్‌కు ఆరుగురు వచ్చారు. తర్వాతి నెల ఇద్దరే.

తనిఖీకి వచ్చిన ఫౌండేషన్ సారు ఫారాలు తిరగేసి తెగ మెచ్చుకున్నాడు.

"మధ్యవర్తులు లేరు. చాలా బాగుంది. రద్దీ కూడా తగ్గిందే."

"అదే అర్థం కావడం లేదు సార్."

"అర్థం కాకపోవడానికేముంది మేడమ్, ఇక్కడ అవసరం తీరిపోయింది. వచ్చే ఏడు ఈ సాయం మొక్కలు నాటడానికి ఇస్తున్నాం."

సామాన్లు సర్దుతున్న రోజు మధ్యాహ్నం దర్జీ అమ్మాయి అక్క వచ్చింది. చంకలో చెల్లెలి బిడ్డ ఉంది.

"మా చెల్లెలి పేరున ఇక్కడ ఫారం ఉందట. అది చింపేయండమ్మా. అత్తవారింట్లో జ్వరంతో పోయిందనే చెప్పాం."

మేడమ్ చేతిలోని డబ్బా కింద పెట్టేసింది.

"ఎలా పోయింది?" అంది నర్సు.

"గేటు దగ్గర అందరి కళ్లలో పడ్డాక మళ్లీ ఇటు రాలేనంది. నాటుగా కడుపు తీసే మనిషి దగ్గరికి వెళ్లింది. రక్తం ఆగలేదు. మూడో రోజు పోయింది."

మేడమ్‌కు దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చాయి.

"ఆ ముసలిదే తీసుకెళ్లి ఉంటుంది. నేను ముందే అనుకున్నాను."

"నోరు జారకండమ్మా. మీ కాళ్లు పట్టుకునైనా లోపలికి పంపిస్తా పదమని మా చెల్లెల్ని ఎంత బతిమాలిందో. అది వినకుండా బయల్దేరితే గుమ్మానికి అడ్డంగా పడుకుంది. దాటుకుని పోయింది ఇది."

"మరి ఆవిడెవరు? మీకు సొంత పెద్దమ్మా?"

అక్క బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది.

"మాకేమీ కాదమ్మా, ముప్పై ఏళ్లు ఈ వీధుల్లో నాటుగా కడుపులు తీసింది ఆవిడే, మీరు క్లినిక్ తెరిచిన రోజున ఆ పని మానేసి, తన గుమ్మం తొక్కిన ప్రతి ఆడదాన్నీ చెయ్యి పట్టుకుని మీ దగ్గరికి నడిపించుకొచ్చింది."