బరువు తగ్గించిన బండి

"కాస్త ఆ రెండు కడ్డీలు ఇప్పిస్తారా బాబూ?"

టాక్సీ కిటికీలోంచి అడిగాడాయన. షెడ్డు గుమ్మానికి అడ్డంగా ఆపించాడు గానీ, దిగలేదు.

డెంటిస్టుకి ఒళ్ళు మండింది. తెల్లారితే ట్రాక్ డే. ఏడాదికోసారి మామూలు జనం కూడా తమ సొంత కార్లు తెచ్చుకుని రేసు ట్రాకు మీద పరిగెత్తించుకోవచ్చు. అతను ఈ సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నదే అందుకు.

ట్రాకు ఆఫీసు గోడకి ఒక బోర్డుంది. ఈ రకం బండ్లలో అందరికన్నా తక్కువ టైము ఎవడో 'పిడుగు'ది. ఏళ్ళ తరబడి ఎవరూ దాన్ని దాటలేదు. రేపు ఆ పేరు చెరిపించి తన పేరు రాయిస్తానని డెంటిస్టు బావమరిదితో పందెం కట్టాడు. క్లినిక్కులో కుర్చీ ఎక్కిన ప్రతి పేషెంటుకీ చెప్పాడు. నోట్లో పరికరాలున్నాయి కాబట్టి ఎవరూ కాదనలేదు.

రోడ్డు బండిని ట్రాకుకి తయారు చేయాలంటే ముందు బరువు తగ్గించాలి. పొద్దున్నుంచీ అదే పని. వెనక సీటు పీకాడు. పక్క సీటు పీకాడు. కార్పెట్లు, స్పీకర్లు కూడా పీకేశాడు. పీకడం అలవాటైన చెయ్యి కదా, ఆగదు మరి.

"ఏ కడ్డీలండీ?"

"స్టీరింగు పక్కన, చేత్తో నొక్కడానికి ఉండేవి. ఒకటి బ్రేకుకి, ఒకటి యాక్సిలరేటరుకి. ఆ బండి మొన్నటిదాకా నాదే."

డెంటిస్టు టాక్సీలోకి తొంగి చూశాడు. సీటుకి ఆనించి రెండు చంకకర్రలున్నాయి. ఆయనకి యాభై దాటి ఉంటాయి. ప్యాంటులో కాళ్ళు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి.

ఓహో, బ్రోకరు చెప్పిన మనిషి ఈయనా!

"అమ్మేటప్పుడే విప్పుకోవాల్సిందండీ."

"నిజమే. అప్పుడు తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు, ఆ ఖర్చుకే అమ్మాను. ఆ కంగారులో ఏదీ తోచలేదు. ఇంత చేసీ వాడు దక్కలేదు. ఆ కడ్డీలు వాడు చేసినవే. నా చేతికి సరిపోయేదాకా ఎన్నిసార్లు మార్చాడో! వేరేవి చాలా పట్టుకు చూశాను, కుదరడం లేదు. ఇంకో పాత బండి దొరికింది, దానికి బిగించుకుందామని."

కారు కింద నుంచి మెకానిక్కు బయటికొచ్చాడు.

"అయ్యో, ఇందాకే పాత ఇనుప సామాన్లవాడికి వేసేశాం కదండీ! వాడింకా సందు మలుపులోనే ఉంటాడు. పరిగెత్తుకెళ్ళి పట్టుకొస్తా డాక్టరు గారూ."

"నువ్వెక్కడికి? బ్రేకు ప్యాడ్లు ఎవరు మారుస్తారు, మీ తాతా?"

"ఇట్టే వచ్చేస్తానండీ."

"నీ ఇట్టే సంగతి నాకు తెలుసు. పని చూడు."

మెకానిక్కు ఆయన వైపు ఓసారి చూసి, మళ్ళీ కారు కిందికి దూరాడు.

డెంటిస్టు గొంతు తగ్గించాడు, ఇంజెక్షను చేయబోయే ముందు పేషెంటుతో మాట్లాడినట్టు.

"ఇంకా మీకెందుకండీ ఈ డ్రైవింగు? హాయిగా ఇలా టాక్సీల్లో తిరగండి. ఈ రోడ్ల మీద కాళ్ళూ చేతులూ ఉన్నవాళ్ళకే దిక్కు లేదు."

ఆయన వీధి మలుపు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత డ్రైవరు భుజం తట్టాడు.

టాక్సీ కదిలింది. డెంటిస్టు చేతులు దులుపుకున్నాడు.

"పొద్దున్నే ఎవరి మొహం చూశానో! అన్నీ అడ్డాలే," అన్నాడు.

మర్నాడు ట్రాకు మీద బండి బాగానే పరిగెత్తాలనుకుంది. డెంటిస్టే పరిగెత్తనివ్వలేదు. మలుపు ఇంకా కనబడకముందే బ్రేకు తొక్కేశాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తొక్కాడు. పిడుగు టైముకి ఆమడ దూరంలో ఆగాడు.

"బావా, ఇంకేం మిగిలింది పీకడానికి?" బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "నిన్ను కూడా పీకేస్తే బండి గాల్లో తేలుతుంది!"

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. డెంటిస్టు మొహం కందగడ్డయింది.

"నా తప్పేముంది? ముందు దీన్ని వాడినాయన కాళ్ళు లేని మనిషి. నత్తలా తోలి తోలి ఇంజనుని చంపేశాడు!"

బల్ల దగ్గర టైములు రాస్తున్నావిడ తలెత్తింది. బండిని ఎగాదిగా చూసి, లేచొచ్చి లోపలికి వంగింది. స్టీరింగు పక్కన ఖాళీ బోల్టు రంధ్రాలు కనబడ్డాయి.

"ఇక్కడి కడ్డీలేవి?"

"అవా? పాత ఇనుములో వేసేశాం. ఆయన నిన్న వచ్చి అడిగాడు కూడా, తమ్ముడు చేశాడూ అదీ ఇదీ అంటూ."

"ఇవ్వలేదా?"

"పని మధ్యలో ఎక్కడ వెతకమంటారండీ?"

ఆవిడ చేతిలో పెన్నుకి మూత పెట్టింది.

"పొద్దున్నుంచీ గేటు వైపే చూస్తున్నాం, పిడుగు ఈసారి ఎందుకు రాలేదా అని," అంది. "ఇంక రాడన్నమాట."

"ఎందుకు రాడు? వాడికేం రోగం?" అన్నాడు డెంటిస్టు, ఇంకా ఆ చిరాకులోనే.

"నత్తలా తోలాడన్నారే, ఈ బండినే చేత్తో తోలి ఆ టైము కొట్టిన పిడుగు ఆయనే," అంది ఆవిడ.