ఆల్టోలో రాసిన పేరు

గదిలోకి వస్తూనే కామేశ్వరమ్మ బోర్డు మీద అంటించిన పేర్ల కాగితం పర్రున పీకేసింది.

శామీర్‌పేట దాటాక ఉన్న ఆ బళ్లో బృందగానానికి పిల్లల్ని ఎంచేది ధరణి. ఒక్కొక్కరి చేత స్వరాలు పాడిస్తుంది. పైస్థాయిలో హాయిగా నిలిచే గొంతుల్ని సొప్రానోలో, కింద నిండుగా పలికే గొంతుల్ని ఆల్టోలో వేస్తుంది. పదో తరగతి తృప్తిని ఆల్టోలో వేసింది. అదీ గొడవ.

ఈసారి పోటీలో ఒంటరిగా పాడే అవకాశం సొప్రానోకే. ఆల్టో అంటే వెనక నిలబడి ఊఁ కొట్టడమేనని కామేశ్వరమ్మ ఉద్దేశం. ఆవిడ కూతురు ఊఁ కొట్టడమా!

"పేరు మార్చు," అంది. టీచరన్న గౌరవం వీసమెత్తు లేదు ఆ మాటలో.

ధరణి మార్చనంది. పైస్వరాలు పిల్ల పాడటం లేదు, అరుస్తోందని చెప్పింది. మెడ నరాలు ఉబ్బుతున్నాయని, ఇలాగే సాగితే రెండేళ్లలో గొంతు దెబ్బతింటుందని చెప్పింది. ఎవరికి చెప్పాలి? ఆ మహాతల్లి రోజూ తెల్లారకుండానే తృప్తిని లేపి కూర్చోబెడుతుంది. గొంతు బొంగురుపోతే మిరియాల పాలు తాగించి మళ్లీ పాడిస్తుంది.

ధరణి కీబోర్డు మీద ఒక పైస్వరం నొక్కి, ఇది నొప్పి లేకుండా పాడగలవా అని తృప్తిని అడిగింది. పిల్ల తల్లి వంక చూసింది.

"పాడి చూపించడం చేతకాదు గానీ, నా కూతురికి వంకలు పెడతావా?" అంది కామేశ్వరమ్మ. "కుళ్లు నీకు. అది పైకొస్తుంటే ఓర్వలేవు."

తన కూతురి కోసం జవహర్‌నగర్ నుంచి వచ్చి కూర్చున్న తారాబాయి ఇక ఊరుకోలేకపోయింది.

"గొంతు వోతదని టీచరమ్మ చెప్తాంది గదా, గింత జిద్దు ఏందమ్మా? పోరి మొఖం సూడు, ఎట్ల వణుకుతాందో."

కామేశ్వరమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, నీ పని నువ్వు చూసుకోమంది. ఈ బడి కాకపోతే మేడ్చల్‌లో ఇంకోటి ఉందని, అక్కడ సొప్రానోలోనే చేర్పించి ఏడాది తిరిగేలోగా వేదిక ఎక్కిస్తానని కేకలేసింది. పిల్ల రెక్క పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చుకెళ్లింది.

ధరణి పరుగున వెళ్లి అడ్డం నిలబడింది.

"నా గొంతు ఎలాగూ పోగొట్టావు, చెల్లి గొంతైనా ఉండనియ్యమ్మా."