నొప్పి లేని చెయ్యి

చిట్టీ,

నొప్పి లేదందంటే మీ అమ్మకి పెద్దగా కాలలేదన్నమాటేనని ఫోన్లో తేల్చేశావు. తప్పు. నన్ను భయపెట్టిందే ఆ మాట.

మన లాండ్రీలో ఆవిరి ప్రెస్సు పలక మీ అమ్మ కుడిచేతి మీద పడింది. పైకెత్తేసరికి వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "నొప్పేం లేదమ్మా, మిగతా దుప్పట్లు కానిచ్చేద్దాం" అంది. లోతుగా కాలితే నొప్పి తెలిపే నరాలూ పోతాయని ఎప్పుడో చదివాను. చదవకపోయినా బాగుండేదనిపించింది.

గాజులు తీసేసి, చెయ్యి కుళాయి కింద పెట్టి, గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు పట్టుకున్నాను. ఇస్త్రీ మేస్త్రి టూత్‌పేస్టు పట్టుకొచ్చాడు. "నువ్వు పళ్లు తోముకో నాయనా, చెయ్యి నాకొదిలెయ్" అన్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక్కో వేలినీ సూదితో తాకింది. బొటనవేలు, చూపుడువేలు అయ్యాయి. మీ అమ్మ పలకలేదు. మధ్యవేలు దగ్గర "చంపేస్తావా తల్లీ" అని వార్డంతా వినబడేలా కేకపెట్టింది. చివరి రెండింటికీ తిట్లే. డాక్టరమ్మకి దండం పెట్టి, ఇంకోసారి గుచ్చమన్నాను.

మొదటి రెండు వేళ్ల సంగతి ఇంకా తేలలేదు. ఆదివారం వచ్చేటప్పుడు ముందు బొత్తాములున్న వదులు చొక్కా ఒకటి తీసుకురా. కట్టుతో సహా చెయ్యి దూరాలి.

అమ్మమ్మ