మొదటి చెంబు

“ఇదుగో, ఈ ఊళ్ళోనూ తలుపులేసుకుంటున్నారండీ!” అంది వీరలక్ష్మి, వ్యాను కిటికీ పరదా తప్పించి.

నిజమే. బండి బుగ్గపల్లె పొలిమేర దాటిందో లేదో, అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళు పంచెలు ఎగ్గట్టి చేలకడ్డంపడి పరుగందుకున్నారు. ఒకాయనైతే సగం గీసిన గడ్డంతోనే ఉడాయించాడు. ఆడవాళ్ళు లోపలికి దూరి గడియలు బిగించారు.

“కొత్త బండి కదా, బెదిరారు. కాసేపాగితే మన ఇల్లు చూడ్డానికి వాళ్ళే ఎగబడతారు,” అన్నాడు సోమేశ్వరరావు, స్టీరింగు తిప్పుతూ.

ఇల్లంటే ఆ వ్యానే. కొత్తగూడలో వాళ్ళు కిరాయికుంటున్న ఇంటి పక్కనే మెకానిక్ నర్సింహ షెడ్డు. ఎక్కడో వేలంలో పాడుకొచ్చిన పాత వ్యానుకు నీలం రంగేసి సోమేశ్వరరావుకు అంటగట్టాడు. లోపల పొడుగాటి బల్ల ముందే ఉంది. దాని మీద పరుపేస్తే మంచమైపోయింది. స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము, పూల పరదాలు కొత్తగా చేరాయి. పైనున్న మైకు పీకేస్తానంటే సోమేశ్వరరావే వద్దన్నాడు, దారి అడగడానికి పనికొస్తుందని.

“ఎనక తలుపుకు రంగు సాలలే సార్. సున్నంల నీలిమందు కలిపి కొట్టిన. జర వానల తడవనియ్యకుండ్రి,” అన్నాడు నర్సింహ తాళాలిస్తూ. ఆ మాట అక్కడే మర్చిపోయారు. నిన్న దారిలో వాన కురిసినప్పుడూ గుర్తు రాలేదు.

ఉన్న ఇల్లు చాలక ఈ చక్రాల ఇల్లెందుకంటే, దానికో కథుంది. వాళ్ళది పన్నెండేళ్ళ కాపురం. పిల్లల్లేరు. మొక్కులకని ఏ ఊరెళ్ళినా, సత్రంలో పక్క చాప మీది ఆడవాళ్ళు పేరైనా అడక్కుండా “పిల్లలెంతమందమ్మా?” అనేవారు. వీరలక్ష్మి గోడవైపు తిరిగి పడుకునేది. అది చూడలేకే సోమేశ్వరరావు ఈ బండి కొన్నాడు. “ఇక నిన్నెవరూ అడగరోయ్,” అన్నాడు. ఆ మాటకు వీరలక్ష్మి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అన్నట్టే ఎవరూ అడగలేదు. అసలు మనిషన్నవాడు ఎదురుపడితే కదా! మొదటిసారి ఆ బండిలో నల్లగండ్లలో చుట్టాలింటికి వెళ్తే, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, ఇంట్లో పిట్ట లేదు. దారిలో హోటలువాడు మరుగుతున్న చాయ్ వదిలేసి పరుగెత్తాడు. వీరలక్ష్మి కిటికీ పరదా లాగేసుకుంది. గొడ్రాలు ఎదురొస్తోందని ఊళ్ళకు ఊళ్ళే మొహం చాటేస్తున్నాయా?

ఈసారి మొక్కుకొచ్చింది బుగ్గపల్లె వేడినీళ్ళ గుండానికి. దాని దగ్గర బండి ఆపి, వెనక తలుపు బార్లా తెరిచి పక్కకు మడిచి కట్టారు. రాళ్ళ మధ్య నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. ఆలుమగలు కొంగుముడి వేసుకుని అందులో మునిగితే కడుపు పండుతుందని నమ్మకం. కాకపోతే ముందుగా, పిల్లలున్న తల్లి ఒకామె తన చేత్తో మొదటి చెంబు పొయ్యాలి. పోసినావిడకు కానుక ఇవ్వాలి. కొంగుముడి వేసుకుని గంటసేపు నిలబడ్డా ఒక్కరూ రాలేదు.

“ఉండు, నేను పిలుస్తా,” అని సోమేశ్వరరావు కొంగుముడితోనే పెళ్ళాన్ని లాక్కెళ్ళి మైకు అందుకున్నాడు. “అమ్మలారా, అయ్యలారా! భయపడకండి! ముగ్గురు, నలుగురు పిల్లలున్నవాళ్ళు ఒక్కసారి బండి దగ్గరికి రండి! అయిదు నిమిషాల్లో పంపించేస్తాం! వచ్చినవాళ్ళకు స్టీలు బకెట్టు ఇస్తాం!”

వెనక గోడలు దూకుతున్న చప్పుళ్ళు వినిపించాయి. ఊళ్ళో మిగిలిన ఆ నలుగురు మగవాళ్ళూ పోయారన్నమాట.

“పోదాం పదండి. నా మొహానికి ఎవరొస్తారు?” అంది వీరలక్ష్మి.

అప్పుడొచ్చింది పోచమ్మ, కర్ర పొడుచుకుంటూ. డెబ్భై ఏళ్ళుంటాయి. బండికి పది గజాల దూరంలో ఆగి కర్ర ఎత్తింది.

“మా ఇంట్ల మొగోళ్ళెవ్వరు లేరు! అయిదుగురు కొడుకులు అడవి పట్టిండ్రు. నా ముసలోడు సచ్చి పదేండ్లాయె. ఇగ నాకేం భయం? బకెట్టూ వద్దు, ఏమొద్దు. మర్యాదగ బండి తిప్పుకొని పోండ్రి!”

“అయిదుగురు కొడుకులా!” వీరలక్ష్మి ఒక్క ఉదుటున వెళ్ళి ఆవిడ చేయి పట్టుకుంది. కొంగుతోపాటు సోమేశ్వరరావూ వచ్చి పడ్డాడు. “నీకు పుణ్యముంటుంది అవ్వా! నీ చేత్తో ఒక్క చెంబు పొయ్యి. పన్నెండేళ్ళయింది. ఒక్క బిడ్డ కావాలి. ఇంకేమీ అడగను.”

పోచమ్మ కర్ర కింద పడింది.

“ఏందీ? పిల్లలు కావాల్నా? మీకా?”

బండి వంక చూసింది, వాళ్ళ కొంగుముడి వంక చూసింది. చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

“నవ్వకవ్వా!” అంది వీరలక్ష్మి ఏడుస్తూ. “గొడ్రాలి మొహమనే కదా ఊరంతా తలుపులేసుకుంది?”

ముసలమ్మ నవ్వు ఠక్కున ఆగింది. “నీ మొకమా? పిచ్చిదానా, నీ మొకం ఎవడు సూసిండు? రంగేసినా ఈ మైకు బండిని ఎరగని ఊరుందా? నీ మొకం బంగారమే బిడ్డా!”

లేచి చెంబు ముంచింది. “తొమ్మిదిమందిని కన్న చెయ్యిది. నీ ఒళ్ళో పాపడు ఆడాలె,” అంటూ వీరలక్ష్మి నెత్తి మీద పోసింది. వెచ్చటి నీళ్ళు ఒంటి మీంచి జారుతుంటే వీరలక్ష్మికి పన్నెండేళ్ళ బరువు దిగినట్టయింది.

పోచమ్మ మాత్రం అక్కడితో ఆగలేదు. మళ్ళీ చెంబు ముంచుకుని బండి దగ్గరికి నడిచింది. కట్టు విప్పి, వెనక తలుపు లాగి మూసి, దాని మీద నీళ్ళు గుమ్మరించింది. వానకు అప్పటికే నానిన నీలిసున్నం చారలు చారలుగా కారిపోయింది. దాని కింద ఎర్రటి త్రికోణం, పక్కన బొమ్మలో అమ్మా, నాన్నా, ఇద్దరు పిల్లలూ పళ్ళికిలించి నవ్వుతున్నారు.

“పిల్లల కోసం మొక్కనీకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల బండిల వస్తరా బిడ్డా!”