రెండో కుర్చీ

అద్దెకిచ్చే గది తలుపు తీయగానే కొత్తాయన నేరుగా కిటికీ వైపు చూశాడు.

"ఇక్కడ రెండు కుర్చీలు ఉండాలి కదమ్మా?"

మేస్త్రి భార్య చేతిలో మడత పెట్టిన దుప్పటి జారిపోయింది.

కిటికీ దగ్గర ఇప్పుడు ఒకటే కుర్చీ ఉంది. రెండోది నిరుడు వేసవిలోనే వంటింట్లోకి వెళ్లిపోయింది. అత్తగారు దాని మీద కూర్చునే కూరలు తరుగుతుంది.

"ఎవరు చెప్పారండీ?"

"చెప్పారులెండి" అన్నాడాయన.

సంచి మంచం పక్కన పెట్టి, సముద్రం అంచున నడిచే దారి ఎటో అడిగి వెళ్లిపోయాడు.

ఆమె వంటింట్లోకి పరిగెత్తింది.

"అత్తయ్యా, విచారణకి ఆఫీసరు వచ్చేశాడు."

"మొహం మీద రాసుందా?"

"కుర్చీల సంగతి కూడా తెలుసు."

అత్తగారి చేతిలో కత్తి ఆగిపోయింది.

ఆ ఊరి వలల్లో చేపలు పడటం మానేసి చాలా కాలమైంది. ఊరు బతికేది ఆ దారి మీదే. కొండ అంచున సముద్రాన్ని చూస్తూ నడవడానికి ఎవరో ఒకరు వస్తారు. వాళ్లు దిగే గది, తాగే టీ, కొనే గవ్వల దండ, అదే ఊరందరి తిండి.

దారి బాగోగులు మేస్త్రివి. అంచు వెంట రాళ్లు పాతి సున్నం కొట్టడం ఆయన పని.

నిరుడు మలుపు దగ్గర ఆ అంచు రాళ్లతో సహా విరిగిపడింది. ఈ గదిలో దిగిన ఆవిడ దాంతోపాటే పోయింది.

పోలీసులు వచ్చేలోగా మేస్త్రి కొత్త రాళ్లు ఇంకాస్త లోపలికి జరిపి పాతాడు. సున్నం కొట్టాడు. ఎవరు చూసినా ఆవిడే రాళ్లు దాటి వెళ్లిందనుకోవాలి.

తప్పు దారిదని తేలితే దారి మూసేస్తారు. మేస్త్రి జైలుకి పోతాడు.

అందుకని, విచారణకి ఆఫీసరు వస్తాడని కబురు రాగానే ఊరంతా ఒక్క మాట అనుకుంది. ఆవిడ మొగుడితో పడలేక చావడానికే వచ్చింది, ఏడుస్తూ వచ్చి ఏడుస్తూ వెళ్లింది అని. అత్తగారు ఇల్లిల్లూ తిరిగి ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు అందరిచేతా చెప్పించింది. టీ కొట్టాయన మాత్రం మొగుడికి బదులు ప్రతిసారీ అత్త అనేవాడు. మధ్యలో మమ్మల్నెందుకు లాగుతావురా అని కసిరి మరీ దిద్దింది.

ఇవాళ ఎవరూ తప్పు చెప్పలేదు.

కొత్తాయన టీ కొట్టు దగ్గర ఆగితే టీ కొట్టాయన చెప్పాడు. వలలు అల్లే ముసలాయన చెప్పాడు. గవ్వల కొట్టావిడ అడక్కుండానే చెప్పింది. టీ కొట్టాయన ఉత్సాహం పట్టలేక ఆవిడ చేతి మీద దెబ్బలు కూడా చూశానన్నాడట. కొత్తాయన గ్లాసు ముట్టకుండా లేచి వెళ్లిపోయాడట.

సాయంత్రం ఆయన తిరిగి వచ్చేసరికి పంట్లాం అంచులకి సున్నం అంటి ఉంది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు.

మేస్త్రి భార్య మంచినీళ్లు తెచ్చిపెట్టింది.

"ఊళ్లోవాళ్లు విన్నది చెబుతారు. గది ఇచ్చింది మీరు. ఆ రోజు వెళ్లేటప్పుడు ఆవిడ ఎలా ఉందమ్మా?"

ఎలా ఉంది!

తలంటుకుని, మెట్ల మీద నిలబడి జుట్టు ఆరబెట్టుకుంటూ ఏదో పాట కూనిరాగం తీసింది. హాల్లోంచి రెండో కుర్చీ తనే ఈడ్చుకొచ్చి మొదటిదాని పక్కన వేసింది. ఇందులో కాసేపు, అందులో కాసేపు కూర్చుని, సముద్రం ఎందులోంచి బాగా కనబడుతుందో చూసుకుంది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను, నాకు కాస్త ఎక్కువే వండండి అని నవ్వుతూ వెళ్లింది.

అదంతా ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

పెరట్లో మేస్త్రి చేతుల సున్నం కడుక్కుంటూ ఇటే చూస్తున్నాడు.

"ఏడుస్తూ వెళ్లిందండీ."

"మొగుడి వల్లేనా?"

"ఆయన మాటెత్తితే చాలు, వణికిపోయేది."

ఈ చివరి మాట అత్తగారు నేర్పింది కాదు. గట్టిగా ఉంటుందని ఆమే కలిపింది.

కొత్తాయన తల తిప్పి కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు.

"మీరు అబద్ధం చెప్పేవాళ్లలా లేరమ్మా" అన్నాడు చివరికి.

పొద్దున చూస్తే గది ఖాళీ. పక్క నలగలేదు. తాళం చెవి కుర్చీలో ఉంది. సంచి ఎక్కడిదక్కడే ఉంది.

"గండం గడిచింది" అన్నాడు మేస్త్రి.

"సంచి మర్చిపోయేంత తొందరేమిటో" అంది అత్తగారు.

ఎండెక్కాక వలలు అల్లే ముసలాయన రొప్పుతూ వచ్చాడు. మలుపు దగ్గర తెల్ల రాళ్లకి ఇవతల చెప్పుల జోడు విడిచి ఉందట. పక్కపక్కనే, గుమ్మం ముందు విడిచినట్టు.

ఊరంతా వెళ్లి వెతికింది. సముద్రం ఏమీ ఇవ్వలేదు.

మర్నాడు జీపు వచ్చింది. అందులోంచి ఫైలుతో దిగినవాడు అసలు ఆఫీసరు.

జరిగింది విని ఆయన కొండ ఎక్కనే లేదు. ఇద్దరు పోయాక ఇంక చూసేదేముందన్నాడు. జీపులోంచి 'దారి మూయబడినది' అన్న బోర్డు తీయించి, దాన్ని పాతే పని మేస్త్రికే చెప్పాడు.

తర్వాత గది చూడాలన్నాడు. మేస్త్రి భార్య తలుపు తీసింది.

ఆఫీసరు సంచిని, ఒంటరి కుర్చీని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఈయన ఒక్క రోజు ముందు వెళ్లి ఆవిడ నడిచిన దారిలో నడుస్తానంటే సరేనన్నానమ్మా. దారిది తప్పేమీ లేదు, మూయొద్దు, మా ఆవిడకి అదంటే ఎంతో ఇష్టమని రాసిస్తానన్నది ఆయనొక్కడే. కిటికీ దగ్గర నీకూ కుర్చీ వేశాను, రేపు వచ్చెయ్యమని పోయిన రోజు పొద్దున ఆవిడ ఫోను చేసి పిలిచింది ఈయన్నే, తన భర్తని."