బిగిసిన పడుగు

భావనారుషి మగ్గం మీద కూర్చోగానే గుండెను కనిపెట్టుకుని ఉండేందుకు ఛాతీకి అంటించుకున్న బిళ్ల మాట్లాడింది. చీరాలలో ఇప్పుడు అందరి ఒంటి మీదా ఆ బిళ్లలున్నాయి. అరవై దాటిన మగవాళ్లందర్నీ అవి బాబాయ్ అనే పిలుస్తాయి.

"మీ గుండె గట్టిగానే కొడుతోంది బాబాయ్. కొట్టాక వదులవడం లేదు. వదులైతేనే కదా లోపలికి రక్తం నిండేది."

"నాకేం నొప్పి లేదే."

"పదేళ్ల బీపీ. మాత్రలు ఆపేశారు. ఆ పోటుకు ఎదురు కొట్టీ కొట్టీ గుండె గోడ మందమైపోయింది."

అతనికి అర్థమైంది. మగ్గం మీద నిలువు దారాల పడుగు మరీ బిగిస్తే దారాల మధ్య సందు తెరుచుకోదు, అడ్డదారం మోసే నాడె దూరదు. వేళకు మాత్ర చేతిలో పెట్టే భార్య నాగరత్నం పోయాక, నొప్పి లేనిదానికి మందెందుకనుకున్నాడు.

"సాయంత్రం డాక్టరు గారు మాట్లాడతారు. ఈలోగా ఇంట్లో ఎవరినైనా కాసేపు మీ చెయ్యి పట్టుకోమనండి. నెమ్మదిస్తుంది."

అతను లేచి మూలనున్న రాట్నం దగ్గర కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు నాగరత్నం దాని మీదే నూలు కండెలు చుట్టింది. ఆమె అరచేతికి అరిగి నున్నబడిన పిడిని పట్టుకున్నాడు.

"పట్టుకున్నారా?"

"ఆఁ."

"ఎవరు బాబాయ్?"

"మా ఇంటిది."

బిళ్ల అతని గుండె చప్పుడు లెక్కపెట్టింది.

"నెమ్మదిస్తోంది. ఇంకాసేపు వదలొద్దని ఆవిడతో చెప్పండి."

అతను రాట్నం వైపు వంగి, చెప్పాడు.