పై వరస

“పై వరస చదవమ్మా.”

“కనిపించి చస్తేగా!”

కళ్ళజోళ్ళ షాపు నడిపే కొడుకు నిట్టూర్చాడు. ఎనిమిది నెలలుగా అమ్మ తలనొప్పికి చూపించని డాక్టరు లేడు, మింగించని మాత్ర లేదు. నాన్న ఊసెత్తితే ఆ నొప్పి పెరుగుతుందని, ఆయన పోయాక ఇంట్లో ఎవరూ ఆయన పేరే ఎత్తలేదు. చివరికి ఇవాళ ఆమెను తన షాపుకే లాక్కొచ్చాడు.

ఆమె కళ్ళజోడు తీసుకుని మిషన్లో పెట్టి నంబరు చూశాడు. మళ్ళీ చూశాడు.

“ఇది నాన్నది కదమ్మా!”

ఇద్దరికీ ఒకేలాంటి ఫ్రేములు బిగించింది తనే.

“ఆయనదే,” అంది అమ్మ తాపీగా. “పెళ్ళయినప్పట్నుంచీ నన్ను చక్కనిదానివి అనేవారు. ఏం చూసి అనేవారో తెలుసుకుందామని ఇది పెట్టుకుని అద్దంలో చూసుకున్నా. అంతా మసక. ఆ మసకలో ఎవరైనా చక్కగానే ఉంటారు.”

“మరి తీసెయ్యొచ్చుగా?”

“తీస్తే మళ్ళీ ముసలిదాన్నైపోతున్నానురా.”

“మసక నీకమ్మా, నీ నంబరు కాదు కాబట్టి. ఆయనకి నీ ముఖం ముడతలతో సహా కనిపించేది. ఆ అద్దాలు నేనేగా వేసింది.”

అమ్మ మిషన్లో ఉన్న ఆ కళ్ళజోడు వంక చూసింది.

“అన్నీ కనిపించేనా అలా అన్నారు?”

“అన్నీ కనిపించే.”

ఆమె సంచిలోంచి తన కళ్ళజోడు తీసి పెట్టుకుంది. గోడమీది అక్షరాలు కింది వరస దాకా గడగడా చదివేసింది.

“సరిగ్గా చదివానా?”

కొడుక్కి పై వరస కూడా కనిపించడం లేదు.

“సరిగ్గానే చదివావమ్మా,” అన్నాడు.